దీపం వెలిగితే రోగం తెలిసినట్టేనా?

ముందుగా ఒక ఒప్పుకోలు. నేను గుండె జబ్బుల డాక్టర్ని. పేషెంటు ఫోన్ చేసి "ఛాతీలో కాస్త నొప్పిగా ఉందండీ" అంటే, "ఏం పర్లేదు, గ్యాస్ అయ్యుంటుంది, పడుకోండి" అని ఇన్నేళ్ళ ప్రాక్టీసులో ఒక్కసారి కూడా అనలేదు. ఎప్పుడు మొదలైంది, ఎంతసేపట్నుంచి ఉంది, చెయ్యి లాగుతోందా, చెమట పట్టిందా అని పది ప్రశ్నలు అడక్కుండా ఫోన్ పెట్టను. అలాంటివాణ్ణి మూడేళ్ళ క్రితం మన సంక్రాంతి సంబరాల రోజున ఒక కుర్రాడి కారు విషయంలో సరిగ్గా ఆ పనే చేశాను.

ఆ కుర్రాడు మా అత్తగారి ఊరివాడు. కొలంబస్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు. లక్షా నలభై వేల మైళ్ళు తిరిగిన కారొకటి 3,800 డాలర్లకి కొనుక్కున్నాడు. ఆ శనివారం మన కార్యక్రమానికని క్లీవ్‌లాండ్ బయల్దేరి, మాన్స్‌ఫీల్డ్ దగ్గర్నుంచి ఫోన్ చేశాడు.

"అంకుల్, చెక్ ఇంజన్ లైటు వచ్చిందండీ. కారు కొంచెం వణుకుతున్నట్టుంది. ఆపెయ్యమంటారా?"

నేనేమో స్టేజి వెనక ఉన్నాను. మైకు పనిచెయ్యటం లేదు, కోలాటం పిల్లల్లో ఒకరు ఏడుస్తున్నారు, పులిహోర ఇంకా రాలేదు. దానికి నెల ముందే మా ఆవిడ కారులో అదే దీపం వెలిగితే, చూడగా గ్యాస్ టాంకు మూత సరిగ్గా బిగించలేదని తేలింది. ఆ విజ్ఞానమంతా నాలుక చివరే ఉంది. "ఏం కాదు నాన్నా, మూత వదులై ఉంటుంది. మెల్లగా వచ్చెయ్" అన్నాను.

వాడు పెద్దవాళ్ళ మాట విన్నాడు. అదొక్కటే వాడు చేసిన తప్పు.

దాదాపు ఎనభై మైళ్ళు నడుపుకుంటూ వచ్చి హాలు ముందు ఆపేసరికి కారు ఎక్కటానికి కూడా ఓపిక లేని ముసలాయనలా ఆయాసపడుతోంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. కారు కింద మంచు కరిగి నీళ్ళు కారుతున్నాయి. వంగి చూస్తే చీకట్లో ఎగ్జాస్టు గొట్టం మధ్యలో ఎర్రగా కనబడింది.

"దారంతా ఆ లైటు వెలుగుతూ ఆరుతూనే ఉందండీ" అన్నాడు.

నా గుండె ఆగినంత పనయింది. నేను అడగని ప్రశ్న అదే: దీపం నిలకడగా వెలుగుతోందా, మిణుకుమిణుకుమంటోందా?

అసలు ఆ దీపం ఎవరి కోసం?

మనలో చాలామంది ఆ పసుపుపచ్చ దీపం ఇంజన్ బాగోగులు చెప్పటానికి పెట్టారనుకుంటాం. నిజానికి అది పుట్టింది మనం పీల్చే గాలి కోసం. పొగతో విసిగిపోయిన కాలిఫోర్నియా రాష్ట్రం, పొగకు సంబంధించిన భాగాలు చెడిపోతే ఆ సంగతి కారే చెప్పుకోవాలని 1988 మోడల్ కార్ల నుంచి నియమం పెట్టింది. అయితే అప్పట్లో ఒక్కో కంపెనీ కారుది ఒక్కో భాష, ఒక్కో రకం సాకెట్టు. 1990లో క్లీన్ ఎయిర్ చట్టానికి సవరణలు వచ్చాక, 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకీ ఒకే పద్ధతి తప్పనిసరి చేశారు. దాని పేరే ఓబీడీ-2. స్టీరింగు కింద తడిమి చూస్తే పదహారు పిన్నుల సాకెట్టు తగులుతుంది, అదే దాని చిరునామా. యూరప్‌లో పెట్రోలు కార్లకి 2001 నుంచి, మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి ఇలాంటి ఏర్పాటే తప్పనిసరి అయింది.

కారు వదిలే పొగ అనుమతించిన హద్దుకి సుమారు ఒకటిన్నర రెట్లు దాటేంతగా ఏ భాగమైనా చెడితే దీపం వెలగాలన్నది స్థూలంగా దాని సూత్రం. అందుకే గ్యాస్ టాంకు మూత వదులైనా వెలుగుతుంది, ఎందుకంటే ఆవిరి బయటికి పోతుంది కాబట్టి. టాంకు గొట్టాల్లో అర మిల్లీమీటరు రంధ్రం పడినా కనిపెట్టేంత సున్నితమైన ఏర్పాటది. కానీ ఇంజన్ ఆయిలు అడుగంటితే ఈ దీపం మీకు చెబుతుందన్న నమ్మకం పెట్టుకోకండి. దానికి వేరే ఎర్ర దీపం ఉంది, అది వెలిగేసరికి చాలావరకు ఆలస్యం అయిపోతుంది. నెలకోసారి డిప్‌స్టిక్కు తీసి చూసుకోవటమే మందు.

పసుపు దీపం నిలకడగా వెలుగుతూ, కారు మామూలుగానే నడుస్తోందంటే కంగారు లేదు. ముందు మూత బిగించి, ఒకటి రెండు రోజుల్లో చూపించుకోవచ్చు. అదే దీపం మిణుకుతోందంటే సంగతి వేరు. ఏదో సిలిండరులో పెట్రోలు మండకుండానే బయటికి పోతోందని అర్థం. ఆ మండని పెట్రోలు వెళ్ళి కెటాలిటిక్ కన్వర్టరులో మండుతుంది. తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ, దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత, అదీ కన్వర్టరంటే. పొగని శుభ్రం చేసే ఆ దిమ్మ వేడి అప్పుడు వెయ్యి డిగ్రీల సెల్సియస్ కూడా దాటుతుంది, కరిగి గొట్టానికి అడ్డం పడుతుంది. ఎండుగడ్డి మీద ఆపితే నిప్పంటుకుంటుంది కూడా. కాబట్టి దీపం మిణికితే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, పక్కకి జరిగి, ఇంజన్ ఆపేసి, టో ట్రక్కుకి ఫోన్ చెయ్యాలి. టో ఖర్చు వందో నూట యాభయ్యో. ఆ రోజు నేను మిగిల్చానని అనుకున్నది అదే.

కోడులో ఏముంటుంది?

ఆదివారం పొద్దున్నే మన అసోసియేషన్ కోశాధికారి గారు తన స్కానరు పట్టుకుని మా గరాజుకి వచ్చారు. ఆయన మెకానికల్ ఇంజనీరు, నాలాగా మాటల మనిషి కాదు. స్కానరు పెట్టగానే రెండు కోడ్లు వచ్చాయి: పి-0303, పి-0420.

ఈ కోడ్లు చదవటం పంచాంగం చూడటంకన్నా తేలిక. మొదటి అక్షరం 'పి' అయితే ఇంజను, గేర్లు. 'సి' అంటే బ్రేకులూ స్టీరింగూ ఉన్న చట్రం, 'బి' అంటే బాడీ, 'యు' అంటే కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగలు. తరవాతి అంకె సున్నా అయితే అన్ని కంపెనీలకీ ఉమ్మడి కోడు, ఒకటి అయితే ఆ కంపెనీ సొంత కోడు. ఆ పై అంకె ఏ విభాగమో చెబుతుంది. 1, 2 అంటే గాలీ పెట్రోలూ పాళ్ళు, 3 అంటే నిప్పురవ్వ, 4 అంటే పొగని అదుపు చేసే భాగాలు, 7 అంటే ట్రాన్స్‌మిషన్. చివరి రెండంకెలూ అసలు ఫిర్యాదు. అంటే పి-0303 అంటే మూడో సిలిండరు మిస్‌ఫైర్ అవుతోందని. పి-0420 అంటే కన్వర్టరు పని సరిగ్గా చెయ్యటం లేదని.

"అయితే కన్వర్టరు మార్చేద్దాం" అన్నాను ఉత్సాహంగా.

ఆయన నవ్వి, "డాక్టరుగారూ, జ్వరం 102 ఉందంటే మీరు థర్మామీటరుకి మందిస్తారా?" అన్నారు.

ఎద్దు ఈనిందంటే...

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. ఎందుకంటే అంతకు రెండేళ్ళ ముందు నా సొంత కారులో పి-0171 అని కోడు వచ్చింది. ఇంజన్లోకి గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ పోతోందని దానర్థం. ఒక షాపుకి తీసుకెళ్తే ఆక్సిజన్ సెన్సారు మార్చాలన్నారు. 340 డాలర్లు. మార్చారు. రెండు వారాలకి దీపం మళ్ళీ వెలిగింది. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నట్టు, కోడు వచ్చిందంటే పార్టు మార్చెయ్యటమే!

పాపం ఆ సెన్సారు తప్పేం లేదు, అది నిజమే చెప్పింది. పెట్రోలు ఇంజనుకి బరువు లెక్కన పెట్రోలు ఒక పాలైతే గాలి 14.7 పాళ్ళు కావాలి. ఆ పాళ్ళు చెడ్డాయని వార్త మోసుకొచ్చింది సెన్సారు. వార్త తెచ్చినవాణ్ణి ఉద్యోగంలోంచి తీసేసి కొత్తవాణ్ణి పెడితే వాడూ అదే వార్త తెస్తాడు కదా.

కోశాధికారి గారు అప్పుడు నాకు 'ఫ్యూయల్ ట్రిమ్' అనే అంకె చూపించారు. పాళ్ళు సరిచెయ్యటానికి కంప్యూటరు పెట్రోలుని ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకె అది. మామూలుగా అటూ ఇటూ పది శాతం లోపు ఉండాలి. నా కారులో ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు 22 శాతం ఎక్కువ పోస్తోంది. యాక్సిలరేటర్ తొక్కి 2,500 చుట్లకి తీసుకెళ్తే 6 శాతానికి దిగింది. అంటే దొంగగాలి ఏదో సందులోంచి వస్తోంది. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు మొత్తం గాలి తక్కువ గనక ఆ దొంగగాలి వాటా ఎక్కువ కనిపిస్తుంది, వేగం పెరిగితే ఆ వాటా తగ్గిపోతుంది. అదే వేగం పెరిగేకొద్దీ అంకె కూడా పెరిగితే అప్పుడు పెట్రోలు పంపునో, ఫిల్టరునో, గాలి కొలిచే సెన్సారునో అనుమానించాలి. వెతగ్గా వెతగ్గా ఇంజన్ వెనక రబ్బరు గొట్టం ఒకటి పగిలి ఉంది. దాని ఖరీదు పద్ధెనిమిది డాలర్లు.

ఆటోనగర్ పాఠం

మళ్ళీ కుర్రాడి కారు దగ్గరికి వద్దాం. మూడో సిలిండరులో నిప్పురవ్వ లేదా, పెట్రోలు రావటం లేదా, వాల్వులే కాలిపోయాయా? మూడింటికీ కోడు ఒకటే. కోశాధికారి గారు కొత్త పార్టు ఏదీ కొనలేదు. మూడో సిలిండరు మీదున్న ఇగ్నిషన్ కాయిల్ ఊడదీసి ఒకటో సిలిండరుకి, ఒకటోదాన్ని మూడుకి మార్చి, కోడు చెరిపేసి, ఇంజన్ని ఓ నిమిషం తిప్పారు. ఈసారి పి-0301 వచ్చింది. జబ్బు కాయిల్‌తో పాటు నడిచి ఒకటో సిలిండరుకి వెళ్ళింది! కాబట్టి దొంగ కాయిలే. కోడు మూడులోనే ఉండిపోతే కాయిల్ నిర్దోషి అయ్యేది, అప్పుడు ప్లగ్గూ ఇంజెక్టరూ వరసగా చూసుకుంటూ పోవాలి.

అది చూస్తుంటే నాకు విజయవాడ ఆటోనగర్ గుర్తొచ్చింది. మా నాన్నగారికి అంబాసిడర్ ఉండేది. నాకు పదేళ్ళప్పుడు అది దడదడలాడుతోందని తీసుకెళ్తే, అక్కడి మేస్త్రీ బానెట్ ఎత్తకుండానే ముందు మా నాన్నగార్ని ప్రశ్నలు వేశాడు. "పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? బరువెక్కినప్పుడా, ఖాళీగా ఉన్నా వస్తోందా? ఈమధ్య పెట్రోలు ఎక్కడ పోయించారండీ?" ఆ తరవాత పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి ఆనించుకుని విన్నాడు. ఇంజన్ తిరుగుతుండగానే ప్లగ్గు తీగలు ఒక్కొక్కటే లాగి పెట్టాడు. మంచి సిలిండరు తీగ లాగితే ఇంజన్ చప్పుడు మారుతుంది. చచ్చిపోయిన సిలిండరు తీగ లాగితే ఏ మార్పూ ఉండదు. "ఇదుగో, ఇది పనిచెయ్యట్లేదు" అన్నాడు. మేము మెడికల్ కాలేజీలో స్టెతస్కోపు, హిస్టరీ తీసుకోవటం అని చదివిందంతా ఆయన గ్రీజు చేతులతో చేసి చూపించాడని నాకు ఆ ఆదివారం గానీ వెలగలేదు. ఇప్పటి కార్లలో తీగలు లాగే పని చెయ్యకండి, కాయిల్ కరెంటు షాకు ప్రమాదం. కానీ అడగటం, వినటం, ఒక్కొక్కటే మార్చి చూడటం ఈనాటికీ అవే.

ఇంకో సంగతి కూడా ఉంది. కాయిల్ తియ్యగానే దాని కింద నూనె జిడ్డు కనిపించింది. వాల్వ్ కవర్ గాస్కెట్టు ఎండి బీటలు వారి, ప్లగ్గు గుంటలోకి ఇంజన్ ఆయిలు కారుతోంది. ఆ నూనెలో నానే కాయిల్ పాడైంది. ఉత్తి కాయిల్ మార్చి వదిలేస్తే ఇంకో ఏడాదికి కొత్తదీ అదే దారి పట్టేది. గాస్కెట్టు, కాయిల్, నాలుగు ప్లగ్గులు అన్నీ కలిపి 165 డాలర్లు అయింది. మన కోశాధికారి గారి కూలి రెండు కప్పుల కాఫీ, నాలుగు పెసరట్లు.

ఇంజన్ నున్నగా తిరిగింది గానీ కారు మాత్రం కదలనంటోంది. ముందరి ఆక్సిజన్ సెన్సారు తీసి ఆ కన్నానికి ప్రెషర్ గేజీ బిగించారు. ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు ఒకటిన్నర పౌండ్లు దాటకూడని ఒత్తిడి ఆరుంది. కన్వర్టరు కరిగి పూడిపోయిందన్నమాట. ఒక్కోసారి ఎగ్జాస్టు గొట్టానికి చిన్న చిల్లున్నా పి-0420 వస్తుంది. అందుకే కొలిచి చూడకుండా ఆ ఖరీదైన వస్తువు మార్చకూడదు. ఇక్కడ మాత్రం కొలిచాం, సందేహం లేదు. శనివారం మాన్స్‌ఫీల్డ్ దగ్గర ఆపి ఉంటే 165 డాలర్లు, టో ఖర్చుతో పోయేది. నేను వచ్చెయ్ అన్నందుకు అదనంగా 1,150 డాలర్లు.

ఖర్చంతా నాదే అన్నాను. వాడు ఒప్పుకోలేదు. "మీరు కావాలని చెప్పలేదు కదండీ" అన్నాడు. తరవాత కాసేపాగి, "నాన్నగారికి మాత్రం చెప్పకండి అంకుల్, పొలం మీద అప్పు తెచ్చి పంపించారు" అన్నాడు. ఇరవై రెండేళ్ళ పిల్లవాడికి నేను ఆ గరాజులో క్షమాపణ చెప్పుకున్నాను. చివరికి సగం సగం అని ఒప్పందం కుదిరింది. వాడి సగం నాకు నెలకి యాభై చొప్పున తెచ్చిచ్చాడు, ఒక్క నెల తప్పలేదు.

ఏ పార్టు కొనాలి?

పార్టుల్లో మూడు నాలుగు రకాలున్నాయి. కారు కంపెనీ పెట్టెలో వచ్చేది ఒకటి. అదే వస్తువుని కంపెనీకి తయారుచేసిచ్చే సరఫరాదారు తన సొంత పేరుతో అమ్మేది రెండోది. సరుకు చాలాసార్లు ఒకటే, ధర మాత్రం తక్కువ. మూడోది ఎవరో తయారుచేసిన చవక రకం. నాలుగోది పాతదాన్ని విప్పి, అరిగిన భాగాలు మార్చి మళ్ళీ బిగించింది. దీనికి 'కోర్' అని కొంత డిపాజిట్ కట్టించుకుంటారు, పాత పార్టు తిరిగిస్తే అది వెనక్కిస్తారు. మనవాళ్ళు చాలామంది ఆ డబ్బు వదులుకుంటారు!

మా అనుభవంలో తేలింది ఇది. సెన్సార్లు, కాయిల్స్, థర్మోస్టాట్ లాంటివి మొదటి రెండు రకాల్లోనే కొనాలి. స్టార్టర్లూ ఆల్టర్నేటర్లూ మంచి చోట బాగుచేసినవైనా ఫర్వాలేదు. నమ్మశక్యం కానంత చవగ్గా ఇంటర్నెట్‌లో దొరికే కంపెనీ పెట్టెలు చాలాసార్లు నకిలీవి. కొనేటప్పుడు కారు విన్ నంబరు చెప్పి అడిగితే తప్పు పార్టు వచ్చే బాధ తప్పుతుంది.

డబ్బు కట్టేముందు వారంటీ పుస్తకం కూడా తిరగెయ్యండి. కన్వర్టరుకీ ఇంజన్ కంప్యూటరుకీ కేంద్ర చట్టం ప్రకారం ఎనిమిదేళ్ళు లేదా ఎనభై వేల మైళ్ళు, ఏది ముందైతే అంతవరకూ, వారంటీ ఉంటుంది. రెండో చేతి కారైనా వర్తిస్తుంది. బయట పార్టు వాడారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ రద్దని ఎవరైనా అంటే నమ్మకండి, 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం దానికి ఒప్పుకోదు.

చెరిపేస్తే పోతుందా?

స్కానరుతో ఒక్క బటన్ నొక్కితే దీపం ఆరిపోతుంది. జబ్బు మాత్రం ఎక్కడికీ పోదు. పైగా కోడుతో పాటు, తప్పు జరిగిన క్షణంలో ఇంజన్ వేడి, వేగం ఎంతున్నాయో రాసిపెట్టిన 'ఫ్రీజ్ ఫ్రేమ్' కూడా చెరిగిపోతుంది. డాక్టరు రాకముందే ఇ.సి.జి. కాగితం చింపేసినట్టు. అందుకే చెరిపేముందు అన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. నిజంగా బాగుచేస్తే, మామూలుగా మూడు ప్రయాణాల్లో తప్పు మళ్ళీ కనబడకపోతే దీపం తనంతట తనే ఆరిపోతుంది.

కోడు చెరిపితే కారు తనని తాను చేసుకునే పరీక్షలు కూడా మళ్ళీ మొదటికొస్తాయి. అవి పూర్తికాకుండా పొగ తనిఖీకి వెళ్తే వెనక్కి పంపిస్తారు. పాత కారు కొనబోయే పిల్లలకి ఇది బాగా పనికొస్తుంది. స్కానరు పెట్టినప్పుడు కోడ్లేవీ లేవు గానీ, పరీక్షలన్నీ 'పూర్తి కాలేదు' అని చూపిస్తోందంటే, అమ్మేవాడు ఆ పొద్దున్నే చెరిపేసి ఉండొచ్చు, లేదా బ్యాటరీ మార్చి ఉండొచ్చు. ఓ వారం నడిపాక మళ్ళీ చూస్తానని చెప్పి రండి.

ఆ సంక్రాంతి తరవాత కోశాధికారి గారూ నేనూ కలిసి ఓ స్కానరు కొని అసోసియేషన్ అల్మారాలో పెట్టాం. ఆగస్టులో కొత్తగా వచ్చే విద్యార్థులకి మనం పరుపులూ రైస్ కుక్కర్లూ ఇస్తున్నప్పుడు, పాత కారు కొనేముందు దాన్ని కూడా అడిగి పట్టుకెళ్తున్నారు. మన కుర్రాడు ఇప్పుడు ఉద్యోగంలో చేరాడు, ఆ కారునే ఇంకా నడుపుతున్నాడు. కిందటేడు స్కానరు వాడకం కొత్త పిల్లలకి నేర్పించింది వాడే.

నాకు ఇప్పటికీ శనివారాల్లో అలాంటి ఫోన్లు వస్తుంటాయి. పులిహోర రాకపోయినా, మైకు పనిచెయ్యకపోయినా, బయటికి వెళ్ళి నిలబడి ముందు ఒక్కటే అడుగుతాను: "దీపం నిలకడగా ఉందా బాబూ, మిణుకుతోందా?"

 క్షేమంగా వెళ్ళి, క్షేమంగా రండి.